స్నేహితుల పేకాట, ఇంటి పందెం: ‘ఎ లూజింగ్ స్ట్రీక్’ హాస్య నిర్మాణ పరిశీలన

ఉపోద్ఘాతం

జూదం వస్తువుగా గల రచనను చదివేవారు సాధారణంగా రెండు ప్రశ్నలకు జవాబు వెతుకుతారు. గెలిచిందెవరు? న్యాయంగా గెలిచారా? భారతీయ సాహిత్య సంప్రదాయం వీటికి మూడో ప్రశ్నను చేర్చింది. పందెంలో ఒడ్డిన దానిపై ఒడ్డినవాడికి అధికారం ఉందా? సభాపర్వంలో ద్రౌపది వేసిన ప్రశ్న సారాంశం ఇదే. నిండు సభలో పెద్దలెవరూ దానికి సూటిగా సమాధానం చెప్పలేకపోయారు. ఆట నియమాలకు లోబడే ప్రశ్న కాకపోవడమే అందుకు ఒక కారణం. ఆటలో పాల్గొనని మనిషి తరఫున అడిగిన ప్రశ్న అది.

హాస్య రచనల్లో ఈ మూడో ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. నవ్వు పుట్టించే జూదంలో గెలుపు, మోసం, ఎత్తుకు పైఎత్తు ప్రధానంగా ఉంటాయి. పందెంగా మారిన ఇల్లు నేపథ్యంలో ఉండిపోతుంది. బ్రిటిష్ టెలివిజన్ హాస్య ధారావాహిక ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’లోని ‘ఎ లూజింగ్ స్ట్రీక్’ భాగం పైకి ఈ కోవకు చెందినదిగానే కనిపిస్తుంది. ఇద్దరు స్నేహితులు పోకర్ ఆడతారు, ఇద్దరూ మోసం చేస్తారు, పెద్ద మోసగాడు గెలుస్తాడు. అయితే ఆ ఆట నిర్మాణాన్ని నిశితంగా పరిశీలిస్తే, స్నేహితుల మధ్య జరిగిన మోసం కంటే ఇంటివారి విషయంలో జరిగిన మోసమే గాఢమైనదని తేలుతుంది. ఈ రెండు మోసాల తేడాను నిరూపించి, ఆ భాగంలోని హాస్యం ఏ మేరకు ఆ తేడాపై ఆధారపడిందో నిర్ణయించడం ఈ వ్యాసం లక్ష్యం.

ధారావాహిక నేపథ్యం

‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ బీబీసీ 1 ఛానల్‌లో 1981 సెప్టెంబరు 8న ప్రారంభమైంది. రచయిత జాన్ సల్లివన్ (1946–2011). అంతకుముందు ‘సిటిజన్ స్మిత్’ (1977–80) ధారావాహికతో ఆయన పేరు పొందాడు. కథాస్థలం దక్షిణ లండన్‌లోని పెకమ్. నెల్సన్ మండేలా హౌస్ అనే ఎత్తైన ప్రభుత్వ గృహ సముదాయంలోని ఒక ఫ్లాటులో ముగ్గురు మగవాళ్లు కాపురముంటారు. పెద్దవాడు డెరెక్ ట్రాటర్. అందరూ అతణ్ని డెల్ అంటారు. రెండోవాడు తమ్ముడు రాడ్నీ, మూడోవాడు తాతయ్య. ఈ పాత్రలను వరసగా డేవిడ్ జేసన్, నికొలస్ లిండ్‌హర్స్ట్, లెనార్డ్ పియర్స్ పోషించారు. తల్లి మరణించింది, తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తమ్ముణ్ని పెంచిన బాధ్యత డెల్‌ది. అతని వ్యాపారానికి దుకాణం లేదు, లైసెన్సు లేదు, పన్ను లేదు. సంతలో పెట్టె తెరచి సరుకు అమ్ముతాడు, పోలీసు కనిపిస్తే మూసేస్తాడు. మూడు చక్రాల పసుపుపచ్చ రిలయంట్ వ్యాను అతని రవాణా సాధనం.

ఈ ధారావాహిక తొలి సంవత్సరాలు మార్గరెట్ థాచర్ ప్రభుత్వ తొలి సంవత్సరాలు. 1982 ఆరంభానికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటింది. స్వశక్తితో సంపన్నుడు కావడాన్ని ఆనాటి ప్రభుత్వం ఆదర్శంగా ప్రచారం చేసింది. డెల్ ఆ ఆదర్శాన్ని మనసా వాచా నమ్మినవాడు. మరో ఏడాదికల్లా కోటీశ్వరులమవుతామని తమ్ముడికి పదేపదే మాట ఇస్తుంటాడు. ధారావాహిక పేరుకు మూలమైన పాత నానుడి ప్రకారం ఒళ్లువంచి పనిచేసేది మూర్ఖులూ గుర్రాలూ మాత్రమే. పనికీ సంపాదనకూ మధ్య ఉండవలసిన సంబంధం తెగిపోయిన ప్రపంచంలో జూదం అపవాదం కాదు, నిత్య జీవనానికి సంక్షిప్త రూపం. అందువల్ల పేకాట ఈ ధారావాహికకు బయటినుంచి తెచ్చి అతికించిన వస్తువు అనిపించదు.

‘ఎ లూజింగ్ స్ట్రీక్’ రెండో విడతలో మూడో భాగం. 1982 నవంబరు 4న ప్రసారమైంది. పేరుకు అర్థం వరుస ఓటమి. అరగంట నిడివి గల ఈ భాగం ప్రధానంగా మాటల మీద, నటుల ముఖాల మీద, ఒక బల్ల మీద నడుస్తుంది.

స్నేహ స్వరూపం

డెల్‌కు ప్రత్యర్థి బాయ్సీ. జాన్ చాలిస్ (1942–2021) పోషించిన ఈ పాత్ర పాత కార్ల వ్యాపారి. పెకమ్ మనుషుల్లో చేతిలో డబ్బు నిలిచినవాడు అతను. ఆ డబ్బును పదిమందికీ చూపించుకోవడం అతని స్వభావం. సాగదీసి మాట్లాడే తీరు, తూటాలు పేలినట్లుండే నవ్వు అతని గుర్తులు. ధారావాహిక రెండో భాగం ‘గో వెస్ట్ యంగ్ మ్యాన్’ (1981)లో అతను మొదటిసారి కనిపిస్తాడు. అక్కడే డెల్‌తో అతనికున్న సంబంధం ఎటువంటిదో స్థిరపడుతుంది. డెల్ అతని దగ్గర ఒక నాసిరకం కారు కొని, దాని లోపాలు దాచి ఒక ఆస్ట్రేలియా దేశస్థుడికి అంటగడతాడు. బాయ్సీ నమ్మి అప్పగించిన ఖరీదైన జాగ్వార్‌ను చివరికి అదే కారు వెనకనుంచి గుద్దుతుంది. ఒకడు అమ్మిన లోపం మరొకడి చేతులు మారి మొదటివాడి సొత్తు దగ్గరకే తిరిగి వస్తుంది. వీరి స్నేహానికి ఇది చక్కని నమూనా. ఇద్దరూ ఒకరికొకరు సరుకు అమ్ముకుంటారు, ఒకరి సరుకును మరొకరు నమ్మరు. అయినా నాగ్స్ హెడ్ అనే పబ్బులో ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

ఇటువంటి సంబంధాన్ని స్నేహం అనవచ్చునా అన్న సందేహం కలగడం సహజం. హితం కోరేవాడే స్నేహితుడన్న నిర్వచనానికి ఇది ఒదగదు. ఎదుటివాడి స్వభావాన్ని లోపలిదాకా ఎరగడం, ఆ ఎరుక తర్వాత కూడా అతని సాంగత్యాన్ని వదలకపోవడం స్నేహ లక్షణాలుగా అంగీకరిస్తే మాత్రం డెల్, బాయ్సీ స్నేహితులే. ఈ ఎరుకే పోకర్ ఆటలో ఆయుధంగా మారుతుంది.

ఓటమి పరంపర: కథా నిర్మాణం

భాగం మొదలయ్యేసరికి డెల్ బాయ్సీ చేతిలో వరుసగా ఓడిపోతూ ఉంటాడు. ఓటమి ఎంత పెరిగితే ఆట మీద పట్టుదల అంత పెరుగుతుంది. జూదగాడి లక్షణం ఇదేనని ప్రేక్షకుడు వెంటనే గుర్తిస్తాడు. డబ్బు పోయినవాడు ఆట మానడు, పోయిన డబ్బును వెనక్కి తెచ్చుకోవడమే పనిగా పెట్టుకుంటాడు. రాడ్నీ, తాతయ్యల ఆందోళన ఈ గుర్తింపును బలపరుస్తుంది. నిర్ణాయకమైన ఆట ట్రాటర్ల ఫ్లాటులోనే జరుగుతుంది. ట్రిగ్గర్ పాత్ర కూడా అక్కడ ఉంటుంది కాని అసలు పోటీ ఇద్దరి మధ్యనే. పందెం పెరుగుతూ పోతుంది. చేతిలోని నగదు చాలక డెల్ వస్తువులనూ ఒడ్డుతాడు. బాయ్సీ నాలుగు రాజులు పరుస్తాడు. డెల్ తన దగ్గర రెండు జతలున్నాయంటాడు. తర్వాత ఆ జతలేవో చూపిస్తాడు. ఒకటి ఆసుల జత. రెండోదీ ఆసుల జతే.

ఈ క్రమంలో ఓటమి పరంపర రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఉత్కంఠ కలిగించడం. ఓడిపోతున్నవాడు ఇల్లంతా ఒడ్డితే కలిగే భయం గెలుస్తున్నవాడు ఒడ్డితే కలగదు. రెండోది ఇంకా సూక్ష్మమైనది. ఓటమి డెల్ మొహానికి తొడుగుగా పనిచేస్తుంది. ఓటమితో వివేకం కోల్పోయిన జూదగాడిగా ప్రేక్షకుడు అతణ్ని చూస్తున్నంతసేపూ, బాయ్సీ కూడా అలాగే చూస్తున్నాడు. ఫలితం తేలిన తర్వాత ఆ నమ్మకం తలకిందులవుతుంది. వివేకం పోయిందనుకున్న మనిషే ఆ గదిలో పూర్తి వివేకంతో ఉన్నవాడు. నాట్యశాస్త్ర పరిభాషలో నిర్వహణ సంధి అని చెప్పే ఘట్టం ముందు చెదిరి ఉన్న బీజాలన్నిటినీ ఒకచోటికి చేరుస్తుంది. ఇక్కడ ఆ పని ఒక్క క్షణంలో జరుగుతుంది. అంతకుముందు పోయిన ఆటలు ఎలా పోయాయి, బాయ్సీకి అదృష్టం ఎక్కడినుంచి వచ్చింది అన్న ప్రశ్నలు ప్రేక్షకుడి మనసులో వెనక్కి ప్రయాణం కడతాయి.

ఇదే విడతలో నాలుగు వారాల తర్వాత, 1982 డిసెంబరు 2న, ‘ఎ టచ్ ఆఫ్ గ్లాస్’ ప్రసారమైంది. పాత భవనంలోని అలంకార దీపాన్ని శుభ్రం చేసే పనికి ట్రాటర్లు ఒప్పుకుంటారు. అన్నదమ్ములిద్దరూ ఒక దీపం కింద దుప్పటి పట్టుకుని నిలబడతారు. మేడమీద తాతయ్య వేరే దీపపు మర ఊడదీస్తాడు. ఆ దీపం నేలమీద పడి ముక్కలవుతుంది. రెండు భాగాలనూ పక్కపక్కన పెడితే సల్లివన్ పద్ధతి స్పష్టమవుతుంది. దీపం కథలో సన్నాహమంతా సవ్యంగా కనిపించి ఫలితం పతనమవుతుంది. పేకాట కథలో పతనం తప్పదనిపించి ఫలితం విజయమవుతుంది. రెండింటిలోనూ ప్రేక్షకుడి చూపు ఒకచోట నిలిచి ఉండగా అసలు పని మరొకచోట పూర్తవుతుంది. ఒక తేడా మాత్రం గమనించదగినది. దీపం కింద నిలబడినప్పుడు ట్రాటర్లు ముగ్గురూ ఒక పక్షం. పేకాట బల్ల దగ్గర డెల్ ఒంటరి.

నాలుగు రాజులు, నాలుగు ఆసులు

ఈ ఘట్టపు బలం అర్థం కావడానికి ఆట లెక్కను కొంత తెలుసుకోవలసి ఉంటుంది. పోకర్‌లో ఒక్కొక్కరి చేతిలోని ఐదు ముక్కల కలయికకు విలువ కడతారు. కలయికలకు తొమ్మిది అంతస్తులున్నాయని చెప్పుకుంటే, రెండు జతలది పైనుంచి ఏడో స్థానం. ఒకే విలువ గల నాలుగు ముక్కలది రెండో స్థానం. నాలుగు రాజులు చేతిలో ఉన్నవాణ్ని ఓడించగలిగినవి రెండే. నాలుగు ఆసులైనా ఉండాలి, ఒకే రంగులో వరసగా ఐదు ముక్కలైనా ఉండాలి. కాబట్టి రాజులు పరిచిన బాయ్సీ ధీమా మూర్ఖపు ధీమా కాదు. ఆట నియమాల ప్రకారం అది సహేతుకమైనదే.

52 ముక్కల పేకనుంచి ఐదు ముక్కలు 25,98,960 విధాలుగా రావచ్చు. వాటిలో నాలుగు రాజులున్నవి 48 మాత్రమే. అంటే నేరుగా పంచిన ఐదు ముక్కల్లో నాలుగు రాజులు పడే అవకాశం సుమారు 54 వేల పంపకాల్లో ఒక్కసారి. ఇద్దరికి నేరుగా పంచినప్పుడు మొదటివారికి నాలుగు రాజులు, రెండోవారికి నాలుగు ఆసులు పడే అవకాశం సుమారు 210 కోట్లలో ఒకటి. ముక్కలు మార్చుకునే వీలున్న ఆటలో ఈ సంఖ్యలు కొంత తగ్గుతాయి కాని సంభవం అత్యంత అరుదుగానే ఉండిపోతుంది.

ఈ అంకెలు ప్రేక్షకుడికి తెలియనక్కర లేదు. ఇటువంటిది దానంతటది జరగదన్న ఇంగితం చాలు. ఇక్కడే సల్లివన్ రచనలోని నిజాయితీ కనిపిస్తుంది. చాలా జూద కథల్లో నాయకుడికి ఆఖరి క్షణంలో అరుదైన ముక్క పడుతుంది, కథ దాన్ని విధి అనుగ్రహంగా చూపిస్తుంది. ఈ భాగం ఆ అబద్ధాన్ని ఆశ్రయించదు. నాలుగు ఆసులు కనిపించిన మరుక్షణమే అవి ఎక్కడివన్న ప్రశ్న పాత్రల మధ్యనే పుడుతుంది. నమ్మశక్యం కానిదాన్ని నమ్మమని రచయిత అడగడు. నమ్మశక్యం కాకపోవడాన్నే తర్వాతి మాటకు ఆధారంగా చేసుకుంటాడు.

‘రెండు జతలు’: మాటలోని నిజం

డెల్ తన దగ్గర రెండు జతలున్నాయని చెప్పడం అబద్ధమా? పోకర్ పరిభాషలో రెండు జతలంటే రెండు వేరువేరు విలువల జతలు. ఆ అర్థంలో అది అబద్ధం. మామూలు భాషలో రెండు జతలంటే రెండేసి చొప్పున నాలుగు. ఆ అర్థంలో అది అక్షరాలా నిజం. యోగార్థం, రూఢ్యర్థం అని మన శాస్త్రకారులు చేసిన విభజన ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. వినేవాడు రూఢ్యర్థం దగ్గర ఆగిపోతాడు. చెప్పినవాడు యోగార్థాన్ని దాచి ఉంచి, ముక్కలు ఒక్కొక్క జతగా పరుస్తూ బయటపెడతాడు.

ఇది తెలుగు పాఠకులకు కొత్త ఉపాయం కాదు. ద్రోణపర్వంలో అశ్వత్థామ పేరుగల ఏనుగు మరణాన్ని ధర్మరాజు చెప్పిన తీరు ఇదే జాతికి చెందినది. మాట నిజం, వినేవాడు తెలుసుకున్నది అబద్ధం. అక్కడ ఆ మాట ఫలితం గురువు వధ, కనుక అది ధర్మసంకటమై యుగాల తరబడి చర్చకు లోనైంది. ఇక్కడ ఫలితం ఒక పాత కార్ల వ్యాపారి జేబు ఖాళీ కావడం, కనుక హాస్యమైంది. మాట స్వరూపం ఒకటే అయినా నష్టపడేవాడి స్థితినిబట్టి రసం మారుతుందనడానికి ఈ రెండు ఘట్టాలు ఉదాహరణలు.

ఆ మాట మరో పని కూడా చేస్తుంది. రెండు జతలన్న మాట వినగానే ఓటమి ఖాయమైందని బాయ్సీతో పాటు ప్రేక్షకుడూ నిశ్చయించుకుంటాడు. ఈ క్షణంలో గదిలో ఉన్నవారందరూ ఒకే పొరపాటులో ఉంటారు. శత్రువు, మిత్రుడు, తమ్ముడు, టెలివిజన్ ముందు కూర్చున్నవాడు, వీరందరూ మోసపోవడంలో సమానులవుతారు. ఇల్లు పోయిందన్న భయం రాడ్నీకి ఎంత నిజమో ప్రేక్షకుడికీ అంతే నిజం. తర్వాతి నవ్వు ఆ భయం విడుదలైనప్పుడు వచ్చే నవ్వు.

ఆరోపణే ఒప్పుకోలు

ఆసులు ఎక్కడివని బాయ్సీ నిలదీసినప్పుడు, రాజులు ఎక్కడినుంచి వచ్చాయో అక్కడినుంచే వచ్చాయని డెల్ భావం. బాయ్సీ మోసం చేస్తున్నాడని ఎలా తెలిసిందన్న ప్రశ్నకు అతనిచ్చే సమాధానం ఈ భాగానికి శిఖరం. తాను పంచిన ముక్కలు అవి కావు గనుక తెలిసిందంటాడు.

ఈ సమాధానాన్ని విప్పి చూడవలసి ఉంది. పేకను న్యాయంగా కలిపి పంచినవాడికి ఎదుటివాడి ముక్కలు తెలియవు. తెలిశాయంటే అతను కావాలని ఆ ముక్కలే పంచి ఉండాలి. కాబట్టి బాయ్సీ మోసానికి ఏకైక సాక్ష్యం డెల్ చేసిన మోసమే. ఒకే వాక్యం ఎదుటివాడిపై ఆరోపణ, తన విషయంలో ఒప్పుకోలు. సాక్షి నేరస్థుడైతేనే నేరం రుజువయ్యే విచిత్రమైన న్యాయస్థానం అది. బాయ్సీ ఎవరికీ ఫిర్యాదు చేయలేడు. డెల్ మోసాన్ని ఎత్తిచూపితే తన రాజుల సంగతి చెప్పవలసి వస్తుంది. ఇద్దరి నేరాలూ ఒకదానికొకటి తాళం వేసుకున్నాయి.

భారతంలోని ద్యూతంతో పోలిస్తే ఈ నిర్మాణం ప్రత్యేకత తెలుస్తుంది. సభాపర్వ ద్యూతంలో నేర్పు, కపటం ఒక పక్షానికే ఉన్నాయి. శకునికి పాచికల మర్మం తెలుసు, ధర్మరాజుకు తెలియదు. ఆరణ్యపర్వంలో బృహదశ్వుడు నలోపాఖ్యానం వినిపించి ధర్మరాజుకు అక్షహృదయం ఉపదేశించడం ఆ అసమానతను ఆలస్యంగా సరిదిద్దడమే. అసమానత ఉన్నచోట ద్యూతం కరుణకూ రౌద్రానికీ దారితీసింది. పెకమ్ ఆటలో మర్మం ఇద్దరికీ తెలుసు. అమాయకుడెవడూ బల్ల దగ్గర లేడు. మోసంలో సమానత్వం ఉంది గనుక బాయ్సీపై జాలి పుట్టదు, డెల్‌పై కోపం రాదు. ఓడిన తర్వాత కూడా వారి స్నేహం ధారావాహిక పొడవునా కొనసాగడానికి కారణం ఇదే. నమ్మకం ఉంటే కదా ద్రోహం జరిగేది. వారిద్దరి మధ్య మొదటినుంచీ ఉన్నది నమ్మకం కాదు, ఎరుక. ఆ ఎరుకకు ఈ ఆట వల్ల నష్టం లేదు.

పందెంలో పెట్టిన ఇల్లు

బల్లనుంచి చూపు మరల్చి బల్ల పక్కన ఉన్నవారిని గమనిస్తే దృశ్యం మారుతుంది. రాడ్నీ, తాతయ్య పేక ముట్టలేదు. పేక మర్మం వారికి తెలియదు. అయినా పందెం పెరుగుతున్నకొద్దీ వారి బతుకు బల్లమీదికి చేరుతుంది. ముగ్గురూ ఉండే ఇల్లు, ముగ్గురూ వాడే వస్తువులు, ముగ్గురి తిండికి ఆధారమైన పెట్టుబడి. డెల్ ఇంటి పెద్ద కావచ్చు, సంపాదించినవాడూ కావచ్చు. ఆ సొత్తంతా అతని ఒక్కడిదేనా అన్న ప్రశ్న గదిలో ఉంది. దాన్ని ఎవరూ నేరుగా అడగరు. ఉపోద్ఘాతంలో ప్రస్తావించిన మూడో ప్రశ్న అదే.

డెల్‌కు ఫలితం ముందే తెలుసు కాబట్టి అతని దృష్టిలో అది పందెమే కాదు. పోయేది లేనప్పుడు ఒడ్డడంలో తప్పేముందని అతను అనుకుని ఉండవచ్చు. కాని రాడ్నీ, తాతయ్యలకు ఆ సంగతి తెలియదు. వారు నిజమైన భయాన్ని అనుభవించారు. ఆ భయం డెల్ పన్నాగానికి అవసరం కూడా. ఇంటివారి మొహాల్లో నిజమైన కలవరం కనబడితేనే డెల్ నిస్సహాయత బాయ్సీకి నిజమనిపిస్తుంది. రహస్యం రాడ్నీకి ముందే చెప్పి ఉంటే తమ్ముడి మొహమే గుట్టు బయటపెట్టేది. అంటే డెల్ ఇంటి సొత్తుతో పాటు ఇంటివారి దుఃఖాన్నీ ఒడ్డాడు. సొత్తు తిరిగి వచ్చింది. వారి చేత బలవంతంగా నటింపజేసిన ఆ కొద్దిసేపటి దుఃఖం లెక్కలోకి రాలేదు.

ఈ కోణంనుంచి చూస్తే ఆ గదిలో సిసలైన నమ్మకద్రోహం జరిగింది రాడ్నీకి. ద్రోహం అన్న మాట ఇక్కడ బరువైనదే కాని అనుచితం కాదు. బాయ్సీ డెల్‌ను నమ్మలేదు, రాడ్నీ నమ్మాడు. తల్లిలేని తనను పెంచిన అన్న బుద్ధి తప్పి ఇల్లు పోగొడుతున్నాడని అతను విశ్వసించాడు. విడిచి వెళ్లిన తండ్రి నీడలో పెరిగిన కుటుంబానికి ఇంటి మగవాడు ఇల్లు ముంచుతాడన్న భయం కల్పితం కాదు, పాత అనుభవం. తండ్రిలాంటివాడు కాకూడదని తపించే డెల్, గెలవడం కోసం కాసేపు తండ్రి వేషం కట్టవలసి వచ్చింది. ఈ భాగం కేవలం చతురమైన పేకాట కథగా ముగియకుండా ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలవడానికి ఈ లోతు కారణమని భావించవచ్చు.

పరిమితులు

ఇంత చెప్పిన తర్వాత ఈ భాగం తాను లేవనెత్తిన ప్రశ్నను ఎంతవరకు ఎదుర్కొన్నదో విచారించాలి. ఆసులు బయటపడిన తర్వాత రాడ్నీ భయానికి కథలో విలువ తగ్గిపోతుంది. బాయ్సీ ఓటమి తెచ్చిన ఆనందం దాన్ని కప్పేస్తుంది. స్టూడియో ప్రేక్షకుల నవ్వు ఈ కప్పడానికి తోడ్పడుతుంది. గెలిచిన పద్ధతి ఎటువంటిదైనా గెలుపు ఇల్లు నిలిపింది కాబట్టి ఒప్పే అన్న సమాధానంతో భాగం తృప్తి పడుతుంది. ఫలితం మంచిదైతే అధికారం అడగనక్కర లేదన్నది బలహీనమైన నీతి. ధర్మరాజు గెలిచి ఉంటే ద్రౌపది ప్రశ్న పుట్టేదే కాదు, కాని అప్పుడు కూడా ఒడ్డడంలోని దోషం అలాగే ఉండేది.

రెండో పరిమితి ఆట ప్రపంచంలో స్త్రీ లేకపోవడం. ట్రాటర్ల ఇంట్లో ఆ కాలానికి స్త్రీ పాత్ర లేదు. ఉన్న స్త్రీ మరణించిన తల్లి మాత్రమే. ఆమె పేరును డెల్ తన వాదనలకు అవసరమైనప్పుడల్లా వాడుకుంటాడు. ఒడ్డే మగవాణ్ని నిలదీసే గొంతు లేని ఇంట్లో ఆ నిలదీత బాధ్యత చిన్నవాడైన రాడ్నీ మీద, వృద్ధుడైన తాతయ్య మీద పడింది. ఇద్దరికీ ఆ శక్తి లేదు. తర్వాతి విడతల్లో డెల్ జీవితంలోకి రాక్వెల్, రాడ్నీ జీవితంలోకి కసాండ్రా వచ్చాక ఇటువంటి పందెం కథలో అంత సులభంగా సాధ్యమయ్యేది కాదు.

ఈ పరిమితులు రచయితకు తెలియనివని చెప్పలేం. 1996 డిసెంబరు 29న ప్రసారమైన ‘టైమ్ ఆన్ అవర్ హ్యాండ్స్’ను 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. బ్రిటన్‌లో ఒక హాస్య ధారావాహికకు అంత ఆదరణ లభించడం అపూర్వం. అందులో ట్రాటర్లు నిజంగానే ధనవంతులవుతారు. గ్యారేజీలో ఏళ్ల తరబడి పనికిరాని సామాను మధ్య పడి ఉన్న పాత గడియారం అమూల్యమైనదని తేలి, వేలంలో 62 లక్షల పౌండ్లు పలుకుతుంది. ఆ సంపద డెల్ ఎత్తుగడల వల్ల రాలేదు. ఎవరినీ మోసగించలేదు, ఇంటివారి దేన్నీ ఒడ్డలేదు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని ఆ అదృష్టాన్ని సమంగా అందుకున్నారు. పేకాట బల్ల దగ్గర ఒంటరిగా గెలిచిన డెల్‌కూ, వేలం గదిలో తమ్ముడితో కలిసి గెలిచిన డెల్‌కూ మధ్య పద్నాలుగేళ్ల దూరం ఉంది. మొదటి గెలుపులో లోపించినదేమిటో రెండోది చూపిస్తుంది.

ముగింపు

‘ఎ లూజింగ్ స్ట్రీక్’లో రెండు ఆటలు ఏకకాలంలో జరుగుతాయి. బల్లమీది ఆటలో ఇద్దరికీ మర్మం తెలుసు, ఇద్దరూ మోసం చేస్తారు, అందుచేత అది హాస్యం. బల్ల పక్కన జరిగే ఆటలో మర్మం ఒక్కడికే తెలుసు, మిగిలినవారు తెలియకుండానే పందెం అవుతారు. దాన్ని హాస్యంగా నిలిపేది ఫలితం ఒక్కటే. రెండు జతలన్న మాటలోని ద్వంద్వార్థం, పంచిన ముక్కల గురించి చెప్పిన ఆఖరి సమాధానం మొదటి ఆటకు ముడి విప్పుతాయి. రెండో ఆట ముడి విప్పకుండానే మిగిలిపోతుంది.

ప్రేక్షకుడు కూర్చున్నది రాడ్నీ పక్కన. అతనితో పాటు భయపడ్డాడు, అతనితో పాటు ఊపిరి పీల్చుకున్నాడు. డెల్ తెలివికి మెచ్చి నవ్విన తర్వాత, తననూ అదే తెలివి మోసగించిందని గుర్తిస్తే, ఆ నవ్వు చివర చిన్న అసౌకర్యం మిగులుతుంది. స్నేహితుణ్ని అతని ఆటలోనే ఓడించడం నేర్పు. ఇంటివారికి చెప్పకుండా ఇంటిని ఒడ్డడం వేరే సంగతి. ఈ రెండింటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, మొదటిదాన్ని చూసి నవ్వుతూ రెండోదాన్ని గమనించే అవకాశం మిగల్చడం ఈ భాగం సాధించిన కళాత్మక ప్రయోజనం.